వైస్ ప్రిన్సిపాల్‌నై ఏడాది గడిచింది: నేను ఎదుగుతున్నానా, ఊరికే తిరుగుతున్నానా?

పటమట లెక్కల టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విజయవాడలోని ఒక ప్రైవేటు పాఠశాలలో 14 ఏళ్లు గణితం బోధించి, గత ఏడాది జూన్‌లో అక్కడే వైస్ ప్రిన్సిపాల్ బాధ్యత తీసుకున్నాను. నర్సరీ నుంచి పదో తరగతి వరకు సుమారు 1,100 మంది పిల్లలు, 52 మంది ఉపాధ్యాయులు ఉన్నారు. మా ప్రిన్సిపాల్ గారు మరో రెండేళ్లలో పదవీ విరమణ చేస్తారు. "ఆ కుర్చీ మీదేనమ్మా" అని బడి యాజమాన్యం తరఫున ఉండే కరస్పాండెంట్ గారు ఇప్పటికి రెండుసార్లు అన్నారు. అన్న మాట మీద నాకు అనుమానం లేదు. ఆ కుర్చీకి కావలసిన విద్య నాకు అబ్బుతోందా అన్నదే అనుమానం.

నా రోజు ఉదయం ఏడింటికి ఫోను మోగడంతో మొదలవుతుంది. ఎవరెవరు సెలవు పెట్టారో, వారి పీరియడ్లు ఏవో, ఆ సమయానికి లీజర్ (ఖాళీ పీరియడు) ఎవరికి ఉందో చూసుకుని సబ్‌స్టిట్యూషన్ షీటు తయారుచేసి, అసెంబ్లీ గంట కొట్టేలోగా స్టాఫ్ రూము గోడకు అంటించాలి. శ్రావణ శుక్రవారాల్లో ఒకేసారి ఏడెనిమిది మంది సెలవు అడిగినప్పుడు ఆ షీటు వేయడం కంటే పదో తరగతి పిల్లలకు త్రికోణమితి చెప్పడం ఎంతో సుఖమనిపిస్తుంది. ఆ తరువాత ఆలస్యంగా వచ్చిన బస్సు, బెల్టు లేని పిల్లవాడు, మార్కులు తగ్గాయని వచ్చిన తండ్రి, లెక్క తేలని ప్రశ్నపత్రాల కట్టలు, భోజనాల దగ్గర కాపలా, సాయంత్రం మళ్లీ బస్సులు. మొన్న ఫిబ్రవరిలో ఒక వారం పాటు ఏ పనికి ఎంత సమయం పడుతోందో డైరీలో రాసి చూసుకున్నాను. మొత్తం 46 గంటల్లో మరొకరి పాఠం విన్నది 35 నిమిషాలు. అది కూడా ఫ్యాను తిరగడం లేదన్న ఫిర్యాదు మీద వెళ్లి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా గది వెనుక నిలబడినప్పుడు విన్నదే.

రెండో ఇబ్బంది చెప్పుకోవడానికి కాస్త మొహమాటంగా ఉంది. నిన్నమొన్నటిదాకా ఒకే క్యారియర్‌లోంచి పచ్చడి పంచుకున్నవాళ్లు, ఇప్పుడు నేను స్టాఫ్ రూములో అడుగు పెడితే మాట మారుస్తున్నారు. నాకంటే పదేళ్లు సీనియర్ అయిన తెలుగు మేడం గారిని లెసన్ ప్లాన్ అడిగితే, "నువ్వు కూడా అడిగేదానివయ్యావా అమ్మాయ్" అని నవ్వారు. ఆ నవ్వు మూడు రోజులు నా వెంటే తిరిగింది.

ఏదైనా కోర్సు చేయమంటారా? ఈ రెండేళ్లలో ముందు నేర్చుకోవలసినది ఏమిటి? ఈ విషయం ప్రిన్సిపాల్ గారితో ఎలా కదపాలి? ఈ దారిలో నడిచినవారు చెబితే కృతజ్ఞురాలిని.

బ్రాడీపేట మాష్టారు

అమ్మా, నేను గుంటూరులో ఆరేళ్లు వైస్ ప్రిన్సిపాల్‌గా, ఆ తరువాత 17 ఏళ్లు ప్రిన్సిపాల్‌గా పనిచేసి రిటైరయ్యాను. మీరు డైరీలో గంటలు రాసి చూసుకోవడం నాకు నచ్చింది. నేను ఆ పని చేయడానికి నాలుగేళ్లు పట్టింది, అప్పటికే సగం కాలం బస్సుల వెనకే పోయింది.

ముందుగా మీ నియామక పత్రం ఒకసారి తీసి చదవండి. నాలుగైదు బాధ్యతలు రాసి, చివర "ప్రిన్సిపాల్ అప్పగించు ఇతర పనులు" అని ఒక వాక్యం ఉంటుంది. పైన ఉన్న వాక్యాలన్నింటినీ మింగేసేది ఆ చివరి వాక్యమే. దాన్ని కొట్టివేయించడం ఎవరి వల్లా కాదు. అయితే పైన ఒక కొత్త వాక్యం చేర్పించుకోవడం మాత్రం మీ చేతిలో ఉంది. ఈ సంవత్సరం ఫలానా చదువు పని పూర్తిగా మీది, దాని మంచిచెడ్డలకు జవాబుదారీ మీరు అని ప్రిన్సిపాల్ గారి చేత కాగితం మీద రాయించుకోండి. మీరు లెక్కల మనిషి కాబట్టి, ఆరు నుంచి ఎనిమిది తరగతుల గణిత బోధన అడగండి. మొత్తం బడిని ఒక్కసారిగా బాగు చేస్తానని బయలుదేరితే ఏదీ మిగలదు. మూడు తరగతులు, ఒక సబ్జెక్టు, ఐదారుగురు ఉపాధ్యాయులు, ఇంతే చాలు. ఇలా అడిగితే ప్రిన్సిపాల్ గారు కాదనడానికి కారణం వెతుక్కోవలసి వస్తుంది.

ఆ పని చేయడానికి తరగతిలో కూర్చోవడం తప్ప వేరే దారి లేదు. మన దగ్గర తరగతి పరిశీలన అంటే తనిఖీ అనే అర్థం స్థిరపడిపోయింది. ఒక చేతిలో ప్యాడు, మరో చేతిలో పెన్ను, పది నిమిషాల్లో పది టిక్కులు, చివర "ఇంకా మెరుగుపడాలి" అని ఒక సంతకం. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1950ల చివర్లో మోరిస్ కోగన్, ఆయన సహచరులు కొత్త ఉపాధ్యాయుల శిక్షణ కోసం రూపొందించిన పద్ధతి దీనికి పూర్తిగా భిన్నమైనది. తరగతికి ముందే ఉపాధ్యాయుడితో కూర్చుని ఈరోజు దేన్ని గమనించాలో ఆయన్నే అడుగుతారు, తరగతిలో దాన్నే గమనిస్తారు, ఆ తరువాత మళ్లీ కూర్చుని చూసినది ముందు పెట్టి మాట్లాడుకుంటారు. తీర్పు చెప్పరు. వినడానికి ఇది తేలికగా ఉంటుంది గానీ, తీర్పు చెప్పకుండా ఉండడం నాకు చేతనవడానికి రెండు సంవత్సరాలు పట్టింది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఏడో తరగతికి భిన్నాలు చెబుతున్న ఒక యువ ఉపాధ్యాయిని, "నా తరగతిలో పిల్లలు బాగా పాల్గొంటారండీ, వచ్చి చూడండి" అని పిలిచారు. వెనుక బెంచీలో కూర్చుని, ఆమె అడిగిన ప్రశ్నలు మాత్రమే రాసుకున్నాను. 40 నిమిషాల్లో "అర్థమైందా?" అన్న ప్రశ్న 23 సార్లు వచ్చింది. 23 సార్లూ "అయింది మేడం" అని గది గదంతా పలికింది. నా పక్కన కూర్చున్న పిల్లవాడి నోటుబుక్కులో సగానికి మూడోవంతు కలిపితే ఐదింట రెండు వంతులని ఉంది. పైవి పైవి కలిపాడు, కిందివి కిందివి కలిపాడు, ఎంతో శ్రద్ధగా గీత కూడా కొట్టాడు. సాయంత్రం ఆ అమ్మాయికి నేను ఒక్క సలహా ఇవ్వలేదు. నా కాగితం, ఆ నోటుబుక్కు పక్కపక్కనే పెట్టాను. చాలాసేపు చూసి, "రేపటి నుంచి ఆ ప్రశ్న అడగను సార్. మరి దాని బదులు ఏం అడగాలి?" అన్నారు. ఆ ప్రశ్న ఆమె నోటి నుంచి వచ్చింది కాబట్టి మా మాటలు నడిచాయి. నేనే "మీరు ఊరికే అర్థమైందా అంటున్నారు" అని ఉంటే ఆమె మనసు నొచ్చుకునేది, పిల్లవాడు మాత్రం ఐదింట రెండు వంతుల దగ్గరే ఉండేవాడు.

మీ తెలుగు మేడం గారి సంగతికి వస్తే, ఆమెను లెసన్ ప్లాన్ అడగడానికి ముందు ఆమె పాఠం వినడానికి అనుమతి అడగండి. "మీరు పద్యం చెబితే పిల్లలు ఇంటికి వెళ్లి కూడా పాడుకుంటారని విన్నాను, ఒక గంట కూర్చోవచ్చా" అనండి. ఇది నటన కాకూడదు సుమా. నిజంగా నేర్చుకోవడానికే వెళ్లండి. ఇక క్యారియర్ పచ్చడి మళ్లీ మొదటిలా ఉండదు, దాన్ని ఒప్పుకోండి. స్టాఫ్ రూములో విన్నది ప్రిన్సిపాల్ గదికి చేరవేయరన్న నమ్మకం ఒక్కటి కుదిరితే, మిగతా గౌరవం మెల్లగా దానంతట అదే వస్తుంది.

నంబూరు లెక్చరర్

నేను బీఎడ్ కళాశాలలో పాఠాలు చెబుతాను. మేడం గారు కోర్సుల గురించి అడిగారు, మాష్టారు ఆ ఊసే ఎత్తలేదు కాబట్టి ఆ భాగం నేను పూరిస్తాను.

జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ఉపాధ్యాయులే కాదు, ప్రిన్సిపాళ్లు కూడా ఏటా కనీసం 50 గంటల నిరంతర వృత్తి వికాస శిక్షణ పొందాలి, అందులో నాయకత్వం, నిర్వహణలతో పాటు బోధన కూడా ఉండాలి. ఆ విధానంలో వైస్ ప్రిన్సిపాల్‌కు ప్రత్యేకంగా దారి వేయలేదు, కానీ రేపటి ప్రిన్సిపాల్‌గా మీరు ఆ గంటలను ఇప్పటి నుంచే లెక్కించుకోవచ్చు. ఢిల్లీలోని నీపా (విద్యా ప్రణాళిక, పరిపాలనల జాతీయ సంస్థ) విశ్వవిద్యాలయంలో పనిచేసే జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం ఆన్‌లైన్‌లో నాయకత్వ, నిర్వహణ కోర్సును ఉచితంగా అందిస్తోంది. మొదలుపెట్టడానికి అది చాలు. డిప్లొమా కావాలనుకుంటే ఇగ్నోలో విద్యా నిర్వహణ, పరిపాలనలో పీజీ డిప్లొమా ఉంది, ఇగ్నో ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉంది కనుక వివరాలకు దూరం వెళ్లనక్కరలేదు. మీది సీబీఎస్‌ఈ పాఠశాల అయితే, చుట్టుపక్కల పాఠశాలలు కలిసి ఏర్పరచుకునే సహోదయ సమూహం సమావేశాలకు మీ ప్రిన్సిపాల్ గారితో పాటు వెళ్లడం ఏ కోర్సుకూ తీసిపోదు.

మీ అయోమయం మీ ఒక్కరిదే కాదని కూడా చెప్పాలి. అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో 1990–91లో సుమారు 44,000గా ఉన్న సహాయ ప్రిన్సిపాళ్ల (అంటే మన వైస్ ప్రిన్సిపాళ్ల వంటివారి) సంఖ్య 2015–16 నాటికి సుమారు 81,000కు పెరిగింది. విద్యా పరిశోధనలకు నిధులిచ్చే వాలెస్ ఫౌండేషన్ కోసం పరిశోధకులు 2021లో వెలువరించిన సమీక్ష ఈ లెక్కలు చెబుతూనే, ఆ ఉద్యోగం ఏమిటో స్పష్టమైన నిర్వచనం లేదని కూడా చెప్పింది. అంతమంది ఉన్న దేశంలోనే ఈ మాట అంటే, "ఇతర పనులు" అనే వాక్యం మన ఒక్కరి సొత్తు కాదన్నమాట. మాష్టారు చెప్పినదానికి కూడా ఆధారముంది. న్యూజిలాండ్‌కు చెందిన విద్యా పరిశోధకురాలు వివియాన్ రాబిన్సన్ బృందం 2008లో ప్రచురించిన విశ్లేషణలో, పాఠశాల పెద్దలు చేసే పనులన్నింటిలోకీ ఉపాధ్యాయుల అభ్యసనాన్ని ప్రోత్సహించడమే కాక తామూ అందులో పాల్గొనడానికి పిల్లల చదువుతో అన్నింటికంటే బలమైన సంబంధం కనిపించింది. "తామూ పాల్గొనడం" అన్న మాటను గమనించండి. శిక్షణ తరగతికి టీచర్లను పంపి తాను ఆఫీసు గదిలో ఫైళ్లు చూసుకునే ప్రిన్సిపాల్ ఆ లెక్కలోకి రారు.

తెనాలి రోడ్డు హెచ్ఎం

నాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. మాకు వైస్ ప్రిన్సిపాల్ పోస్టే లేదు. హెడ్మాస్టర్ సెలవు పెడితే సీనియర్ స్కూల్ అసిస్టెంటు ఇన్‌చార్జి అవుతారు, అంతే. ప్రధానోపాధ్యాయులు కావడానికి గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ అకౌంట్స్ టెస్టు రాయాలి కాబట్టి, ఇష్టమున్నా లేకపోయినా జమాఖర్చులూ నిబంధనలూ చదువుతాం. ప్రైవేటు రంగంలో ఆ ఒత్తిడి లేకపోవడం వల్ల మంచి ఉపాధ్యాయులు కూడా ప్రిన్సిపాల్ అయిన రోజున చట్టం ముందు చిన్నపిల్లల్లా నిలబడడం చూశాను.

అందువల్ల మేడం గారూ, కొన్ని విషయాలు ఎవరూ అడగకముందే నేర్చుకోండి. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. మీ పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) గారికీ వ్యాన్ ఆయాకూ ఈ సంగతి మీరే చెప్పాలి. 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయవలసిందే. తన కింద పనిచేసేవారు చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడు చెప్పకుండా దాస్తే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. "ముందు మనలో మనం విచారించుకుందాం, బడి పేరు పోతుంది" అన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా, ఆ క్షణంలో మీకు చట్టం తెలిసి ఉండాలి. ఇక బస్సుల ఫిట్‌నెస్ పత్రాల గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. ఈసారి ఆ కాగితాలు రవాణా ఇన్‌చార్జి చేతుల్లోనే వదిలేయకుండా ఒక్కొక్కటీ మీ కళ్లతో చూడండి. వీలైతే బడి బడ్జెట్టు ఎలా తయారవుతుందో కూడా చూపించమని అడగండి, చూపించకపోతే ఎందుకు చూపించలేదో గుర్తుపెట్టుకోండి.

సింగ్‌నగర్ వీపీ

పెద్దల మాటకు ఎదురు చెబుతున్నందుకు మన్నించాలి. మాష్టారి సలహా మంచిదే, కానీ అందులో బస్సులూ సబ్‌స్టిట్యూషన్లూ చిన్న పనులన్నట్టు ఒక ధ్వని ఉంది. నేను తొమ్మిదేళ్లుగా వైస్ ప్రిన్సిపాల్‌ని, అందులో ఎక్కువ భాగం ఆ పనులే చేశాను, నాయకత్వం నేర్చుకున్నది కూడా వాటి దగ్గరే.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు మా బడి కింది అంతస్తులో నడుము లోతు నీరు నిలిచింది. ప్రిన్సిపాల్ గారు వేరే ఊళ్లో చిక్కుకుపోయారు. ఏ పిల్లవాడు ఏ వీధిలో దిగుతాడో ఏ రిజిస్టరులోనూ లేదు, మా డ్రైవర్లకూ ఆయాలకూ నోటికి వచ్చు. వాళ్లను ఒక్కొక్కరినీ ఫోనులో పట్టుకుని, క్లాస్ టీచర్లతో కలిపి పేరు పేరునా విచారించాం. నీరు తీశాక అడ్మిషన్ రిజిస్టర్లను ఫ్యాన్ల కింద పరిచి, పేజీ పేజీకీ మధ్య దినపత్రిక కాగితం పెట్టి ఆరబెట్టాం. ఆ పని చేసినది మా అటెండరూ నేనూ. పుస్తకాలు పోయిన పిల్లలు సగం మందికి పైగా ఉంటే, మొదటి వారం పుస్తకం లేకుండానే పాఠాలు చెప్పాలని మేమంతా కూర్చుని నిర్ణయించుకున్నాం. ఆ రోజు నా మాట మీద 40 మంది ఉపాధ్యాయులు బురదలో నడిచి వచ్చారంటే, అంతకు ముందు ఏళ్ల తరబడి సబ్‌స్టిట్యూషన్ షీటులో నేను పక్షపాతం చూపలేదన్న నమ్మకమే కారణం. ఎవరి లీజర్ పీరియడు ఎన్నిసార్లు తీసుకున్నానో ఇప్పటికీ నా దగ్గర లెక్క ఉంది. నెలాఖరున ఆ లెక్కను గోడకు అంటిస్తాను.

ఇంకొక మాట. మా యాజమాన్యాల్లో చాలా చోట్ల వైస్ ప్రిన్సిపాల్ ఎదుగుదలను కొలిచేది అడ్మిషన్లతోనూ ఫీజు బకాయిలతోనూ. నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక బడిలో ఏప్రిల్ నెలంతా కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. తరగతి పరిశీలనకు సమయం కావాలంటే, "అదంతా జూన్ తరువాత చూద్దాం" అన్నారు. ఆ జూన్ రాలేదు. కాబట్టి రాసి ఇమ్మనడం తేలికేమీ కాదు. మేడం గారి యాజమాన్యం ఎలాంటిదో మనకు తెలియదు.

బ్రాడీపేట మాష్టారు

సింగ్‌నగర్ వీపీ గారు, మీరు పట్టుకున్న తప్పు నాలో ఉంది, ఒప్పుకుంటున్నాను. లీజర్ల లెక్క గోడకు అంటించడం నాకు ఎన్నడూ తోచలేదు. తోచి ఉంటే నా మీద వచ్చిన సగం గుసగుసలు తగ్గేవి. అయితే ఒక్క సంగతి మాత్రం వదులుకోలేను. వరద రోజున మీ మాట విన్న ఆ 40 మంది, మామూలు మంగళవారం నాడు తరగతి తలుపు మూసుకున్నాక ఏం చెబుతున్నారో కూడా వైస్ ప్రిన్సిపాల్‌కు తెలియాలి. షీటు వేసే పనిని మేడం గారు మానుకోనక్కరలేదు, కానీ ఆ పనిని వారంలో మూడు రోజులు ఇద్దరు కోఆర్డినేటర్లకు నేర్పి అప్పగించవచ్చు. వాళ్లూ ఎదగాలి కదా.

పటమట లెక్కల టీచర్

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. పది రోజులు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే ఈలోగా కొంత చేసి చూశాను.

నియామక పత్రం తీసి చదివాను. మాష్టారు చెప్పిన చివరి వాక్యం అక్షరాలా ఉంది. శనివారం మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారి దగ్గరకు నా ఫిబ్రవరి డైరీ పట్టుకుని వెళ్లాను. 35 నిమిషాల సంగతి చూసి ఆయన ముందు నవ్వారు, తరువాత, "నేను వైస్ ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు ఆ 35 కూడా లేవమ్మా" అన్నారు. ఆరు, ఏడు తరగతుల గణితం నాకు అప్పగిస్తూ ఒక సర్క్యులర్ ఇచ్చారు. ఎనిమిదో తరగతి ఇవ్వలేదు, అక్కడి టీచర్ ఆయనకు బంధువు. దాని గురించి ఇక్కడ ఇంకేమీ రాయను. మంగళ, గురువారాల్లో రెండేసి పీరియడ్లు నన్ను ఎవరూ కదిలించకూడదని ఆఫీసుకు చెప్పారు. మొదటి గురువారమే ఒక తాతగారు టీసీ కోసం వచ్చి తరగతి గుమ్మం దాకా వెతుక్కుంటూ వచ్చారనుకోండి.

సింగ్‌నగర్ వీపీ గారి లెక్క కూడా మొదలుపెట్టాను. జూన్ నుంచి షీట్లన్నీ తీసి కూడితే, ఒక సైన్సు టీచర్ లీజర్లు 61 తీసుకున్నాను, మరొకరివి 19. ఆ 19 వారు నాకు మంచి స్నేహితురాలు. నేను కావాలని చేయలేదు, కానీ చేసినది నేనే. స్టాఫ్ రూములో మాట ఎందుకు ఆగుతోందో అప్పుడు అర్థమైంది. ఆ కాగితం గోడకు అంటించే ముందు ఆ 61 వారిని కలిసి మాట్లాడాను. "మీరు లెక్క చూశారు, అది చాలు" అన్నారు. స్నేహితురాలు మాత్రం రెండు రోజులుగా పలకడం లేదు.

తెలుగు మేడం గారి తరగతిలో నిన్న కూర్చున్నాను. వేమన పద్యం. పాఠం అయ్యాక నా పుస్తకం చూపించమన్నారు. అందులో ఏ పిల్లలు ఎన్నిసార్లు మాట్లాడారో గుర్తులు మాత్రమే ఉన్నాయి. కిటికీ వైపు వరుసలో ఒక్క గుర్తూ లేదని ఆమే వేలు పెట్టి చూపించి, "వాళ్లు నాకు వినపడరమ్మాయ్, ఆ చెవి సరిగా లేదు" అన్నారు. పద్నాలుగేళ్ల పరిచయంలో ఈ సంగతి నాకు తెలియదు. సోమవారం నుంచి ఆమె బల్లను అటు వైపు జరిపిస్తున్నాం.

ఇప్పుడు ఒక చిన్న సందేహం. ఈ పరిశీలన కాగితాలను ఉపాధ్యాయుల వార్షిక నివేదికలో జతచేయమని కరస్పాండెంట్ గారు అడుగుతున్నారు. ఇవ్వాలా?

తెనాలి రోడ్డు హెచ్ఎం

ఇవ్వకండి. ఇంక్రిమెంటు నిర్ణయించే కాగితం వేరు, నేర్చుకునే కాగితం వేరు. వార్షిక నివేదికకు ప్రిన్సిపాల్ గారితో కలిసి విడిగా ఒక పరిశీలన చేసి, ముందే చెప్పి, సంతకాలతో ఇవ్వండి. మీ నోటుపుస్తకం ఆ టీచరుకే ఇచ్చేయండి, కాపీ కూడా ఉంచుకోవద్దు. చెవి సంగతి తెలుగు మేడం గారు మీకు చెప్పారు, కరస్పాండెంట్ గారికి కాదు.